నూరువరహాల ఆకులు పాలిపోతున్నాయా? ముందు మీ నీళ్ళను చూడండి

కడపలో నూరువరహాల మొక్క కొన్నవారు ఏడాది తిరగకముందే అడిగే మాట ఒకటే: "నర్సరీలో నిగనిగలాడింది, మా ఇంటికి వచ్చాక ఇలా తెల్లబోయిందేమిటి?" రెండు మొక్కలు పోగొట్టుకున్నాక గానీ నాకూ జవాబు దొరకలేదు.

ఇది ఇక్సోరా ప్రజాతి మొక్క. ఇందులో 500కు పైగా జాతులున్నాయి. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ పెట్టిన ఈ పేరుకు మూలం మన 'ఈశ్వర' శబ్దమే, పోర్చుగీసువారి నోట నలిగి అలా మారింది. మన పెరళ్ళలో ఎర్రగా పూసే ఇక్సోరా కాక్సీనియా దక్షిణ భారతానికీ శ్రీలంకకూ చెందినదే. కుటుంబం మాత్రం కాఫీది. కాఫీలాగే దీనికీ కాస్త ఆమ్ల గుణమున్న నేల కావాలి. ఉదజని సూచిక (pH) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. మనం దాన్ని సున్నపురాతి సీమకు తెచ్చి బోరునీళ్ళు పోస్తున్నాం.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

కొమ్మ చివరి ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. పసుపు గుడ్డ మీద ఆకుపచ్చ దారంతో వల అల్లినట్టు కనిపిస్తే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువైన చోట అది కరగదు, వేరుకు అందదు. అనుమానముంటే పొడి మట్టి మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వచ్చిందంటే సున్నం ఉన్నట్టే. కడప బండ మీద పిండినా అదే నురగ, రెండూ సున్నపు సరుకే మరి. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే దోషం నీళ్ళది.

వేరుశనగ రైతులకు దీని వైద్యం కొత్త కాదు. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), తరువాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు చేస్తే చాలు. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. తుప్పు రంగుకు తిరిగినది కొనకండి. ద్రావణం ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. నాపరాయి మీద చుక్క పడితే మరక వదలదు, నా వసారాలో ఇప్పటికీ ఉంది.

పిచికారీ తాత్కాలిక ఉపశమనమే. మొక్క నిలవాలంటే మట్టి మారాలి. నురగ రాని ఎర్రమన్ను, కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి పెద్ద కుండీలో నాటండి. మిద్దె మీద పడే వాననీళ్ళు పట్టుకోగలిగితే ఇంకా మేలు. నీటి శుద్ధి యంత్రం బయటికి వదిలే నీళ్ళు మాత్రం వద్దు, వాటిలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి. చాలామంది ప్రేమకొద్దీ గుడ్డు పెంకులు, కట్టెల బూడిద వేస్తుంటారు. ఈ మొక్కకు అంతకంటే అపకారం లేదు.

ప్రహరీ గోడకు ఆనించి నాటినదైతే, ఆ సిమెంటు నుంచి దిగే సున్నంతో మీరు గెలవలేరు. తొలకరికి వేరుగడ్డతో సహా తవ్వి పక్కకు మార్చండి.

పసుపు కింది ముదురు ఆకుల్లోనే కనిపిస్తే కథ వేరు. ఆకు మొత్తం పాలిపోతే నత్రజని చాలడం లేదు, ఈనెల నడుమ మాత్రమే పాలిపోతే మెగ్నీషియం.

ఆకులు బాగున్నాయి, పూత లేదు

తప్పు తరచుగా మన కత్తెరదే. ఆకులు జతగా ఎదురెదురుగా వస్తాయి, ఆ జతల నడుమ కాండాన్ని అంటుకుని మొన తేలిన చిన్న పొర ఉంటుంది. కాఫీ కుటుంబానికి అది ఆనవాలు. పూగుత్తి మాత్రం ఆ కణుపుల్లో రాదు, కొమ్మ కొసనే వస్తుంది. సన్నని గొట్టం చివర నాలుగు రేకులు విప్పుకునే పూలన్నీ అక్కడే. కంచెలా సమంగా ఉండాలని నెలనెలా కొసలు కత్తిరిస్తే పూలను ముందే కోసి పారేసినట్టు. వాడిన గుత్తిని మాత్రం దాని కింది ఆకుల జతకు కాస్త పైన కత్తిరించండి. ఆ జత దగ్గర నుంచి కొత్త కొమ్మలు చీలుతాయి. రోజుకు ఐదారు గంటల ఎండ కూడా ఉండాలి.

మే నెలలో అంచులు మాడితే

వడగాలి, ఉప్పునీరు కలిసి చేసే పని ఇది. మధ్యాహ్నం తరువాత నీడ పడే చోటికి జరిపి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరచండి. ఆ నెలలో రసాయన ఎరువు వేయవద్దు.

ఆకుల మీద నల్లని మసి

చీమల బారును వెంబడించండి. అవి వెళ్ళి ఆగిన చోట, ఆకు అడుగునో లేత కొమ్మ మీదో పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగుల్లో ఏదో ఒకటి ఉంటుంది. వాటి తీపి విసర్జన మీద పెరిగే బూజే ఆ మసి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగున తగిలేలా కొట్టండి. పురుగు పోయాక మసిని తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది.