చెవి మిషన్ పెట్టుకున్న పిల్లలతో – 3వ పాఠం: పొద్దున్నే ఆరు శబ్దాలు

పోయిన పాఠంలో మిషన్ తుడవడం, మౌల్డ్ (చెవిలో అమరే అచ్చు ముక్క) కడిగి ఆరబెట్టడం, బ్యాటరీ మార్చడం నేర్చుకున్నాం. ఇవన్నీ అయ్యాక పాప చెవికి మిషన్ తగిలించి బడికి పంపేస్తాం, మిషన్ ఉంది కదా, వినపడుతోందిలే అని టీచరూ అనుకుంటారు. పిల్లలు నష్టపోయేది అక్కడే. మిషన్‌లో వేసే జింక్-ఎయిర్ బ్యాటరీ (గాలి తగిలితే పనిచేసేది) చివరిదాకా బాగానే పనిచేసి ఉన్నట్టుండి పడిపోతుంది, మిషన్‌ని మౌల్డ్‌కి కలిపే ట్యూబులో ఒక్క నీటి చుక్క చేరినా శబ్దం అందదు, ఐదేళ్ల పిల్లకి ఆ తేడా చెప్పడం రాదు కాబట్టి మన ముఖం చూస్తూ తల ఊపుతూ కూర్చుంటుంది. అందుకే రోజూ మొదటి పీరియడ్‌కి ముందే రెండు నిమిషాలు పెట్టి మనమే కనుక్కోవాలి.

దీనికి కావలసినవి ఆరు శబ్దాలు: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. వినికిడి లోపం ఉన్న పిల్లలకి మాట నేర్పడంలో నిపుణుడైన డేనియల్ లింగ్ రూపొందించిన పద్ధతి ఇది, మొదట ఐదు శబ్దాలే ఉండేవి, మ్ తర్వాత చేరింది. మ్, ఊ బాగా కింది స్థాయి శబ్దాలు (మెల్లగా అని కాదు, మందంగా వినపడేవి), 'ఆ' మధ్యలో ఉంటుంది, స్ అన్నిటికన్నా సన్ననిది, 4000 హెర్ట్జ్ (సెకనుకి 4000 కంపనాలు) చుట్టుపక్కలా ఆ పైనా ఉంటుంది. ఈ ఆరూ అందుతున్నాయంటే మాటలో వచ్చే శబ్దాలన్నీ దాదాపుగా అందుతున్నట్టే.

ముందు పలకడం ప్రాక్టీస్ చేయండి, చాలామంది ఇక్కడే తడబడతారు. 'స' కాదు, 'సు' కాదు, అచ్చు ఏదీ కలవకుండా గాలి మాత్రమే: స్స్స్. మ్ కూడా పెదాలు మూసే ఉంచి అనాలి. అరవొద్దు, మామూలుగా మాట్లాడే గొంతు చాలు.

పాప ముందు ఒక గిన్నె, గుప్పెడు చింతగింజలు పెట్టండి (నోట్లో పెట్టుకునే వయసైతే గింజలు వద్దు, పెద్ద బొమ్మ ముక్కలు ఇవ్వండి). శబ్దం వినపడినప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వేయాలి. మీరు ఎదురుగా కాదు, పక్కన కాస్త వెనగ్గా కూర్చోండి, పెదాలు కనపడితే పాప చెవితో కాక కంటితో వినేస్తుంది. చేయి అడ్డం పెట్టుకుంటే ష్, స్ అక్కడే ఆగిపోతాయి, మరీ దగ్గరికి వంగితే స్ గాలి చెంపకి తగిలి ఆ స్పర్శకే గింజ వేసేస్తుంది. శబ్దాల వరస రోజూ మార్చండి, మధ్యలో ఒకసారి రెండు సెకన్లు, ఒకసారి ఎనిమిది సెకన్లు ఊరుకోండి. ఊరుకున్నప్పుడు కూడా గింజ పడుతోందంటే పాప ఊహిస్తోందన్నమాట. రెండు చెవులకూ మిషన్లు ఉంటే ఒకటి ఆపి ఒకదానికి చేయండి, తర్వాత రెండోదానికి.

గింజల ఆట బాగా వచ్చాక అసలు పని మొదలవుతుంది: విన్నది తిరిగి చెప్పించడం. మీరు 'ఈ' అంటే పాప 'ఊ' అంటోందా? ఇది చాలా ముఖ్యమైన సూచన. 'ఈ' అనే శబ్దంలో కింది స్థాయి భాగం 'ఊ' లాగే ఉంటుంది, 'ఈ' అని గుర్తుపట్టించేది పై స్థాయి భాగం. ఆ పై భాగం అందనప్పుడు పాపకి మిగిలేది ఊ ఒక్కటే. అప్పుడు క్లాసులో 'నీరు' అంటే 'నూరు' అని రాస్తుంది, మనం శ్రద్ధ లేదని కోప్పడతాం. ఆ తప్పుకి పాపను తిట్టడం చాలా అన్యాయం. ష్, స్ రెండూ పోతుంటే కూడా పై స్థాయి శబ్దాలు చాలట్లేదనే అర్థం, మిషన్ సెట్టింగ్ చూపించుకోవాలి.

మొదట మూరెడు దూరం నుంచి చేయండి, తర్వాత ఒక మీటరు, ఆ తర్వాత మూడు మీటర్లు. దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం జోరుని కొలిచే కొలత) తగ్గుతుంది, గదిలో ప్రతిధ్వనిని బట్టి కొంచెం అటూ ఇటూ. మూరెడు దూరంలో ఆరూ చెప్పిన పాప మూడు మీటర్ల దగ్గర స్ వదిలేస్తే, బోర్డు దగ్గర నిలబడి టీచరు చెప్పే పాఠం ఎంత అందుతుందో మీకే తెలిసిపోతుంది.

నిన్న చెప్పిన శబ్దం ఇవాళ చెప్పలేదా, ముందు బ్యాటరీ మార్చండి (కొత్త బ్యాటరీ మీది స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు వేయండి), తర్వాత మౌల్డ్‌లో గులిమి, ట్యూబులో తేమ చూడండి. అయినా తేడా లేకపోతే, ముఖ్యంగా జలుబు చేసి ఉంటే, చెవి నుంచి ఏదైనా కారుతుంటే, ఆలస్యం చేయకుండా ఇ.ఎన్.టి. డాక్టరుకి చూపించండి.

ఒక మాట. సైగల భాషలో హాయిగా చదువుకుంటూ మిషన్ వాడని పిల్లలకి ఈ పాఠం అక్కర్లేదు, వాళ్ల మీద దీన్ని రుద్దొద్దు. ఇది మిషన్ పెట్టుకునే పిల్లలకీ, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) ఉన్న పిల్లలకీ.

ఈ వారం మీ పని: ఒక నోట్‌బుక్‌లో తేదీ, కుడి, ఎడమ, దూరం అని గీతలు కొట్టుకుని, పాప సరిగ్గా చెబితే టిక్, వేరేది చెబితే ఆ చెప్పిందే రాయండి. ఇంటూ మార్కు పెట్టకండి, ఎందుకంటే 'ఈ' బదులు 'ఊ' అందో, 'ఆ' అందో అనేదే ఆడియాలజిస్టుకి (వినికిడి పరీక్షించి మిషన్ సెట్ చేసే నిపుణులకి) కావాలి. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరుకీ ఆ పుస్తకం చూపించండి, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థకో (వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) వేరే క్లినిక్‌కో వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకుని వెళ్లండి. వచ్చే పాఠంలో క్లాసులో పాపను ఏ బెంచీలో, కిటికీకి ఏ వైపు కూర్చోబెట్టాలో చూద్దాం.