బరంపురం నుంచి మాల్దీవులకు: స్త్రీలు గాలం వేటకు విదేశం వెళ్ళాలంటే

ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డుకు చేరిన చేపను తూకం వేసేదీ, బేరమాడేదీ, తట్టలో పెట్టుకుని బరంపురం వీధుల్లో అమ్మేదీ మన తెలుగు పల్లెల ఆడవాళ్ళే అయినా, ఆ చేపను పట్టే పడవలో వారికి చోటు అరుదు. స్త్రీకి వేట చేతకాదన్న మాటను నేను ఒప్పుకోను. 1922లో స్కాట్లాండ్‌లోని టే నదిలో జార్జినా బాలంటైన్ అనే యువతి గాలంతో పట్టిన 64 పౌండ్ల సాల్మన్, బ్రిటన్‌లో నేటికీ రికార్డుగా నిలిచి ఉంది.

మొదటి ప్రయాణానికి నేను మాల్దీవులనే సూచిస్తాను. భారతీయులకు అక్కడ దిగగానే వీసాను రుసుము లేకుండా ఇస్తారు. తిరుగు టికెట్టు, బస వివరాలు చూపాలి. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ‘ఇముగా’ అనే ప్రభుత్వ దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి రుసుము లేదు కనుక డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మవద్దు.

అన్నిటికన్నా ముందు పాస్‌పోర్టు పని మొదలుపెట్టండి. మన ప్రాంతంలో అసలు చిక్కు పేర్ల దగ్గరే వస్తుంది: తెలుగు ఇంటిపేరును ఒడియాలో ఒకరు ఒక విధంగా, ఇంగ్లీషులో మరొకరు మరో విధంగా రాయడం వల్ల ఆధార్‌లో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో వేరొక పేరు ఉంటాయి. దరఖాస్తుకు ముందే రెండింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకుని, తేడా ఉంటే ఆధార్‌ను సవరించుకోండి. పెళ్ళయినంత మాత్రాన ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం లేదని ఇంట్లోవారికీ చెప్పండి.

నలుగురైదుగురు కలిసి నెలనెలా చీటీ వేసుకుంటే ఖర్చు భారమనిపించదు, తోడూ దొరుకుతుంది. అక్కడ పొడి కాలమైన డిసెంబరు-ఏప్రిల్ నెలల మధ్య వెళ్ళండి. ఈలోగా రంభ దగ్గర చిలిక సరస్సులో పడవ ఎక్కి కుదుపుకు అలవాటు పడండి. ఒడ్డు నుంచి గాలపు దారం విసరడం గోపాల్‌పూర్‌లోని పల్లె పెద్దలను అడిగితే నేర్పుతారు.

రాజధాని మాలేకు దగ్గరలోని మాఫుషి వంటి స్థానికుల దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకుంటే రిసార్టు కన్నా చాలా తక్కువలో సరిపోతుంది. సూర్యాస్తమయ వేళ బయలుదేరే పడవల్లో చేతి దారంతో వేట సాగుతుంది. డబ్బు కట్టేముందు లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో, పడవలో మరుగుదొడ్డి ఉందో లేదో అడగండి. ఈ ప్రశ్నకు సిగ్గుపడి సాయంత్రమంతా నీళ్ళు తాగకుండా కూర్చోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. వాంతుల మాత్రను డాక్టరును అడిగి, పడవ ఎక్కడానికి ముందే వేసుకోవాలి. చీర కొంగు గాలానికి చిక్కుకునే ప్రమాదం ఉంది కనుక పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు మేలు. స్థానికుల దీవుల్లో నిండుగా దుస్తులు ధరించడమే మర్యాద కూడా. దారాన్ని ఎన్నడూ వేలికి చుట్టుకోవద్దు: పెద్ద చేప ఒక్కసారి లాగితే వేలు తెగుతుంది. చేతి తొడుగులు వెంట ఉంచుకోండి. సొంత గాలాలను విమానంలో చేతిసంచిలో కాక, చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.

అక్కడ పర్యాటకులు సొరచేపలను, తాబేళ్ళను పట్టడం నేరం. పొరపాటున చిక్కితే పడవవారికి చెప్పి వదిలించాలి. మిగిలిన చేపలను గెస్ట్‌హౌస్‌లో వండిస్తారేమో ముందే మాట్లాడుకోండి. వీలైతే కత్తి మీరే అందుకుని పొలుసు తీసి ముక్కలు కోయండి. ఆ పనిలో మీ చేతి నేర్పును పడవవాళ్ళు కూడా చూడనివ్వండి.