గుట్ట మీది సీతాఫలం ఎప్పుడు తెంపాలె, ఎట్ల మగ్గబెట్టాలె

మా పాలమూరు దిక్కు గుట్ట ఉన్న ఊరికి ఇంత అడవి కూడా ఉంటది, పెద్దదేం కాదు, సీతాఫలం, తంగేడు, మోదుగు, బలుసు, పరికి కంప, అంతే, కానీ చుట్టుపక్కల నాలుగూర్లోళ్లు దాని మీదనే ఆశ పెట్టుకుంటరు. సీతాఫలం ఆకును మేకలు ముట్టవు, అందుకే ఎన్ని మందలు తిరిగినా ఆ చెట్లు నిలబడ్డయి. తోటలల్ల పెట్టే బాలానగర్ రకానికి ఆ పేరు మన జడ్చర్ల పక్కనున్న బాలానగర్ నుంచే వచ్చింది.

చవితి దాటినంక మొదలుపెట్టి దీపావళి దాకా తెంపొచ్చు. ఫారెస్టు జాగ అయితే ముందుగాల బీట్ ఆఫీసర్‌ను అడగండి. పొద్దుగాలనే పోండి, బూట్లు వేసుకోండి, చెయ్యి పెట్టేముందు కట్టెతోని పొదను తట్టండి, రక్తపింజరలు ఉంటయి. ఒకవేళ కరిస్తే కొయ్యుడు, గట్టిగ కట్టుడు ఏం చెయ్యకుండ మనిషిని కదలనియ్యకుండ 108కి ఫోన్ చెయ్యాలె.

అసలు సంగతి కండ్లు. కాయ మీది బుడిపెల నడుమ గీతలు ఎడమై తెల్లగనో లేత పసుపుగనో కనిపిస్తే కండ్లు తెరిసినట్టు, అదే తెంపాలె. గీతలు పచ్చగ దగ్గరదగ్గరగ ఉంటే వదిలెయ్యండి, ఇంటికి తెచ్చినా సక్కగ మగ్గది, నల్లబడి గట్టిగైతది. ముందుగాల పోకపోతే ఎవరో తెంపుకపోతరని కండ్లు తెరవకముందే చెట్టంతా దులిపేస్తున్నరు, కొమ్మలు కూడా విరుస్తున్నరు, అది చూస్తే మనసు కలుక్కుమంటది, ఎందుకంటే ఆ కాయ తిననీకి రాదు, అమ్మితే రేటు రాదు, మల్లేటికి ఆ కొమ్మ కూడా ఉండదు. తొడిమ పట్టి మెలిపెడితే కాయ ఊడొస్తది, అందనిదానికి కొక్కెం కట్టిన కట్టె చాలు.

గంప అడుగున ఆకులు పరిసి పేర్చండి. ఇంట్ల గడ్డిల పెడితే రెండు నుంచి నాలుగు రోజులల్ల మెత్తబడతయి, పచ్చివి మాత్రం ఫ్రిజ్‌ల పెట్టొద్దు. కాల్చుకొని తినాలనుంటే ఇంటికాడ కాల్చుకోండి, గుట్ట మీద మంట పెట్టొద్దు, ఎండిన గడ్డి ఒక్కపాలి అంటుకుంటే ఆపలేం.

గింజలు నమలొద్దు, పేన్లకు నూరి పెట్టేటోళ్లు ఉంటరు గానీ కంట్ల పడితే చాన ప్రమాదం. తిన్నంక గింజలు కడిగి నీడల ఆరబెట్టి దాచిపెట్టండి, తొలకరి పడంగనే గుట్ట మీద చెట్లు లేని జాగల అంగుళం లోతున ఒత్తిరండి.