కరుణా సాధన - 3వ పాఠం: ఎదుటివారి బాధలో మునిగిపోకుండా

గత రెండు పాఠాలలో శ్వాసపై మనసు నిలపడం, ఆప్తుల పట్ల మైత్రీభావన (వారు సుఖంగా ఉండాలని మనసారా కోరుకోవడం) చేయడం అభ్యసించాము. ఈ పాఠంలో బాధలో ఉన్న మనిషిని ధ్యానానికి ఆలంబనగా తీసుకుంటాము. చాలామంది సాధకులు తడబడేది ఇక్కడే. ఎందుకంటే ఎదుటివారి దుఃఖాన్ని తలచుకోగానే మనకూ దుఃఖం వస్తుంది, ఎంత ఎక్కువ కుమిలిపోతే అంత దయ ఉన్నట్లని భ్రమపడతాము.

5వ శతాబ్దపు బౌద్ధాచార్యుడు బుద్ధఘోషుడు కరుణకు హింసను దూరపు శత్రువుగా (దానికి పూర్తి వ్యతిరేకంగా), శోకాన్ని దగ్గరి శత్రువుగా (దానిలాగే కనిపించేదిగా) చెప్పాడు. హింసను ఎవరైనా గుర్తుపడతారు. శోకం మాత్రం కరుణ వేషంలోనే వస్తుంది కనుక అదే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. నాడీశాస్త్రవేత్తలు ఓల్గా క్లిమెకి, తానియా సింగర్‌ల బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇటువంటి భేదమే కనిపించింది: ఇతరుల వేదనను పంచుకోవడంలో మాత్రమే శిక్షణ పొందినప్పుడు, బాధితుల దృశ్యాలు చూసినవారిలో వ్యాకులత పెరిగింది, అదే మనుషులకు తర్వాత కరుణాభావనలో శిక్షణ ఇస్తే ఆ వ్యాకులత తగ్గి, సానుకూల భావాలు పెరిగాయి.

ఇక అభ్యాసం. వెన్ను నిటారుగా ఉంచి కూర్చుని, కొద్దిసేపు శ్వాసను గమనించండి. తర్వాత మీకు తెలిసినవారిలో ఒక మోస్తరు కష్టంలో ఉన్న ఒకరిని తలచుకోండి. మొదటే అతి పెద్ద విషాదాన్ని ఎంచుకోవద్దు. మరణించినవారినీ ఎంచుకోవద్దు, ఆ నియమం బుద్ధఘోషుడు చెప్పినదే, పాటించి చూస్తే అందులోని ఔచిత్యం తెలుస్తుంది. ఆ మనిషి కష్టాన్ని స్పష్టంగా చూసిన వెంటనే, దృష్టిని కష్టం మీద నుంచి అది తీరాలనే కోరిక మీదకు మళ్లించి, "ఈ బాధ నుంచి వీరు విముక్తులగుదురు గాక" అని మనసులో నెమ్మదిగా అనుకోండి. మాటలు యాంత్రికంగా మారితే కాసేపు ఆపి, ఆ మనిషి ముఖాన్ని మళ్లీ గుర్తుకు తెచ్చుకోండి.

గుండె బరువెక్కినా, ఊపిరి బిగుసుకున్నా మీరు శోకంలోకి జారుతున్నారని గ్రహించి శ్వాస దగ్గరకు తిరిగి రండి. (కన్నీళ్లు రావడం తప్పు కాదు గాని, వాటితో సాధనను కొలవకూడదు.) స్థిమితపడ్డాక మళ్లీ అదే కోరికతో మొదలుపెట్టండి. ఆ రోజు స్థిమితం కుదరకపోతే, మొదటి పాఠంలోని శ్వాసాభ్యాసంతోనే ముగించండి.

రోజుకు పది నిమిషాలు చాలు. ఒకే మనిషితో వారం రోజులు సాధన చేసి, వారి కష్టం గుర్తుకు వచ్చినప్పుడు తప్పుకోవాలనే ఆరాటం కన్నా సాయపడాలనే ఆలోచన ముందుగా కలుగుతున్నదేమో గమనించండి. కలుగుతుంటే పరిచయం మాత్రమే ఉన్నవారి గురించిన 4వ పాఠానికి వెళ్లవచ్చు; లేకపోతే ఇంకొక వారం ఇక్కడే ఉండండి. మీకు అపకారం చేసినవారిని మాత్రం 5వ పాఠం వరకు ఆలంబనగా తీసుకోవద్దు.