టార్క్ రెంచ్ ఎలా ఎంచుకోవాలి, ఎంతవరకు నమ్మాలి

పొడుగు పానా పట్టుకున్న చేతికి 100 న్యూటన్ మీటర్లకూ 140కీ తేడా పెద్దగా తెలియదు. పంక్చర్ షాపులో నట్లు బిగించే గన్ అయితే ఆ లెక్కే పెట్టదు. నట్టును తిప్పే బలాన్నే టార్క్ అంటారు, దాన్ని న్యూటన్ మీటర్లలో కొలిచే పానాయే టార్క్ రెంచ్. ఎక్కువగా వాడే క్లిక్ రెంచ్ మనం పెట్టిన విలువ రాగానే క్లిక్‌మంటుంది. ఇంట్లో చక్రాలు విప్పుకునే తిరుపతివాళ్లకు ఈ తేడా పట్టింపే, ఎందుకంటే ఇవాళ బిగించిన చక్రంతోనే రేపు కొండెక్కి, ఘాట్‌లో బ్రేకులు కాలుతుండగా దిగాల్సి ఉంటుంది.

కొనేటప్పుడు బ్రాండు కన్నా ముందు రేంజి చూడండి. ఏ రెంచ్‌నైనా దాని గరిష్ఠ విలువలో 20 శాతం కన్నా పైనే వాడాలి. షాపుల్లో ఎక్కువగా కనిపించే 28–210 న్యూటన్ మీటర్ల హాఫ్ ఇంచ్ రెంచ్ (సాకెట్ తగిలించే చదరపు మొన అర అంగుళం ఉండేది) చక్రాలకు సరిగ్గా సరిపోతుంది. దాంతోనే స్పార్క్ ప్లగ్ బిగించబోతే మాత్రం నష్టం ఖాయం. కింది అంకెల దగ్గర క్లిక్ చాలా మెత్తగా వస్తుంది. అది చేతికి తెలిసేలోపే ప్లగ్ అర చుట్టు ఎక్కువ తిరిగి, ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో మర పోతుంది. ప్లగ్గులకు కావాల్సింది తక్కువే: 14 మి.మీ. మర ఉన్నవాటికి 25–30, 12 మి.మీ. వాటికి 15–20. అందుకే రెండు రెంచ్‌లు కావాలి. చక్రాలకు హాఫ్ ఇంచ్‌ది, ప్లగ్గులకూ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకూ 10–60 దరిదాపుల్లో ఉండే త్రీ బై ఎయిట్‌ది. డబ్బు ఒక్కదానికే ఉంటే హాఫ్ ఇంచ్‌ది కొనండి, ప్లగ్గుల పని మెకానిక్‌కు వదిలేయండి.

పెట్టె మీద ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం అని రాసి ఉంటే, అది చూపే విలువలో 4 శాతమా, గరిష్ఠ విలువలో 4 శాతమా అని అడగండి. 210లో 4 శాతమంటే 8.4 న్యూటన్ మీటర్లు. 30 దగ్గర అంత తేడా వస్తే పావు వంతు కన్నా ఎక్కువ తప్పినట్టే. డిజిటల్ రెంచ్ ముచ్చటగానే ఉంటుంది గానీ ఏడాదికి నాలుగుసార్లు తీసే ఇంట్లో దాని బ్యాటరీ సరిగ్గా అవసరానికి అయిపోయి ఉంటుంది. ముల్లు ఉన్న బీమ్ రెంచ్ చవక. అందులో స్ప్రింగు సడలే బాధ ఉండదు, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూస్తే చాలు. ముల్లుకు ఎదురుగా కన్ను పెట్టి చూడాలి, అదొక్కటే ఇబ్బంది. చక్రాల పనికి క్లిక్ రెంచే వాటం.

స్కేలు విషయంలో జాగ్రత్త. ఒకవైపు న్యూటన్ మీటర్లు, రెండోవైపు ఫుట్ పౌండ్లు ఉంటాయి. 85 న్యూటన్ మీటర్లు పెట్టబోయి ఫుట్ పౌండ్ల గీత మీద 85 పెడితే నట్టు మీద 115 పడుతుంది.

కొత్త రెంచ్‌ను ఇంట్లోనే పరీక్షించవచ్చు. కావాల్సినవి గట్టి బెంచ్ వైస్, 20 లీటర్ల నీళ్ల క్యాన్, తాడు, టేపు. వైస్ లేకపోతే తెలిసిన లేత్ షాపులో పది నిమిషాలు అడగండి. నిండు క్యాన్‌ను తూకం వేయండి, 21 కిలోలు వచ్చిందనుకుందాం. రెంచ్ చదరపు మొనను వైస్‌లో బిగించి, పిడి మీకు కుడివైపు అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉండేట్టు పెట్టండి. మొన మీ నుంచి అవతలి వైపుకు చూడాలి, అప్పుడే బరువు బిగించే దిశలో పడుతుంది. మొన మధ్య నుంచి పిడి మధ్యకు దూరం కొలవండి. అది 40 సెంటీమీటర్లయితే లెక్క ఇది: 21ని 9.81తో, 0.40తో గుణిస్తే 82.4. దీనికి రెంచ్ సొంత బరువు కలపాలి. కిలోన్నర రెంచ్ మొనకు 20 సెం.మీ. దూరంలో వేలి మీద తూగితే ఇంకో 2.9. మొత్తం 85.3.

ముందు రెంచ్‌ను నాలుగైదుసార్లు క్లిక్ చేయించండి, లోపలి గ్రీజు కదలాలి. తర్వాత 75 పెట్టి, తాడుతో క్యాన్‌ను పిడి మధ్య తగిలించి మెల్లగా వదలండి, క్లిక్ వస్తుంది. బరువు తీసేసి రెండేసి పెంచుకుంటూ పోండి. క్లిక్ ఆగిపోయే చోటు 85.3కి 4 శాతం అటూ ఇటూగా, అంటే 82కూ 89కీ మధ్య ఉంటే రెంచ్ మాట మీద ఉన్నట్టే. బరువు పిడి మధ్యనే వేలాడాలి, పక్కకు జరిగితే క్లిక్ వచ్చే విలువ కూడా మారుతుంది. క్యాన్ కింద పాదాలు పెట్టకండి.

వాడేటప్పుడు అసలు తప్పులన్నీ నట్టు దగ్గరే జరుగుతాయి. రెంచ్ కొలిచేది తిప్పే బలాన్ని, చక్రాన్ని నొక్కి పట్టే బలాన్ని కాదు. తిప్పడానికి పెట్టే బలంలో నూటికి పది వంతులే బోల్టును సాగదీసి పట్టునిస్తాయి, మిగతాదంతా రాపిడికి పోతుంది. మర మీద నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే క్లిక్‌కు బోల్టు అవసరానికి మించి సాగుతుంది. కాబట్టి మర పొడిగా ఉండాలి. చక్రం ఆనుకునే హబ్ మీది తుప్పును వైర్ బ్రష్‌తో తీసేయండి, లేకపోతే నాలుగు కిలోమీటర్లకే ఆ తుప్పు నలిగి నట్టు వదులవుతుంది.

నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించండి. జాకీ దించి టైరు నేలను తాకాక ఎదురెదురు నట్ల వరసలో అన్నింటినీ ఒకసారి 50కి, మళ్లీ ఒకసారి పూర్తి విలువకు బిగించండి. చాలా మారుతి కార్లకు 85 నుంచి 100, హ్యుందాయ్‌లకు 107 నుంచి 127 ఉంటుంది. మీ కారు మాన్యువల్లో ఉన్నదే చివరి మాట. పిడి మధ్య పట్టుకుని నిదానంగా లాగండి, క్లిక్ రాగానే ఆపండి. మళ్లీ మళ్లీ క్లిక్ చేస్తే ప్రతిసారీ కొంచెం ఎక్కువ బిగుస్తుంది. ఇంకో మోసం ఉంది. గన్‌తో 180కి బిగించిన నట్టు మీద రెంచ్ పెడితే వెంటనే క్లిక్ అంటుంది, అంతా సరిగ్గా ఉందనిపిస్తుంది. ఆ క్లిక్‌కు అర్థం ‘తక్కువ లేదు’ అని మాత్రమే. విప్పి మళ్లీ బిగిస్తే తప్ప నిజం తెలియదు.

చక్రం ఎక్కించాక మొదటి ప్రయాణం తిరుమలకు పెట్టుకోకండి. శ్రీకాళహస్తి వెళ్లొస్తే డెబ్బై కిలోమీటర్లు దాటుతుంది, అది చాలు. హబ్ పూర్తిగా చల్లారాక మళ్లీ రెంచ్ పెట్టి చూడండి. అల్లాయ్ వీల్స్ అయితే ఇది తప్పనిసరి.

హెడ్ బోల్టులకు టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలని రాసి ఉంటే, ఆ డిగ్రీలు కొలిచే యాంగిల్ గేజ్ లేకుండా చేయి పెట్టకండి. అలాంటి బోల్టులు చాలావరకు ఒక్కసారి వాడి పారేసేవే.

పని అయ్యాక స్కేలును కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టండి, అంతకన్నా కిందికి వదులు చేయకండి. దీంతో బిగుసుకున్న నట్లు విప్పకండి, దానికి పొడుగు పానా ఉంది. మే నెల ఎండలో డిక్కీలో పడేయకండి. రెంచ్ గచ్చు మీద పడితే క్యాన్ పరీక్ష మళ్లీ చేయండి. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం 12 నెలలకు లేదా 5000 క్లిక్కులకు, ఏది ముందొస్తే అప్పుడు కాలిబ్రేషన్ (ల్యాబులో కొలత సరిచూడటం) చేయించాలి. ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్నవి చెన్నైలో ఉన్నాయి.