హైవే దిగేముందే ఛార్జింగ్: దక్షిణ తెలంగాణ దారుల్లో విద్యుత్ కారు ప్రయాణం

విద్యుత్ కారులో దూరం వెళ్తున్నామంటే ఎవరైనా మొదట అడిగేది దారిలో ఛార్జింగ్ దొరుకుతుందా అనే. హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద గానీ, జడ్చర్ల మీదుగా కర్నూలుకు పోయే 44వ నంబరు రహదారి మీద గానీ వెళ్లేవారికి ఇప్పుడు దాని గురించి అంత బెంగ అక్కరలేదు. పెట్రోలు బంకుల్లోనూ హోటళ్ల ఆవరణల్లోనూ ఫాస్ట్ ఛార్జర్లు కనిపిస్తాయి. చిక్కంతా ఆ రహదారులు దిగి నాగార్జునసాగర్‌కో, దేవరకొండకో, నల్లమల దారికో మళ్లినప్పుడే వస్తుంది. కాబట్టి ఈ ప్రాంతంలో తిరిగేవారు ముందుగా పాటించవలసిన పద్ధతి ఒకటుంది: దిగాక చేయవలసిన రానుపోను దూరానికి సరిపడా ఛార్జింగ్‌ను హైవే మీద ఉండగానే పూర్తి చేసుకోవాలి.

ఆ లెక్క వేయాలంటే మీ కారు గురించి రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఒకటి, హైవే వేగంలో అది యూనిట్‌కు (ఒక కిలోవాట్-అవర్ విద్యుత్తుకు) ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందనేది. రెండోది, ఫాస్ట్ ఛార్జర్లు ఇచ్చే డీసీ విద్యుత్తును అది గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్ల వరకు తీసుకోగలదనేది. కారు 50 కిలోవాట్లకు మించి తీసుకోలేనప్పుడు 120 కిలోవాట్ల ఛార్జర్ కోసం వెతుక్కుంటూ పోవడంలో లాభం లేదు. 40 యూనిట్ల బ్యాటరీని 10 శాతం నుంచి 80 శాతానికి తేవాలంటే 28 యూనిట్లు ఎక్కాలి. 30 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర అందుకు గంట పడుతుంది. 80 దాటాక బ్యాటరీని కాపాడుకోవడానికి కారే వేగం తగ్గించుకుంటుంది కనుక, మామూలు ప్రయాణంలో 80 దగ్గర ఆపి బయలుదేరడమే తెలివైన పని.

ఛార్జర్లను వెతకడానికి ఒక్క యాప్‌ను నమ్ముకోకండి. టాటా పవర్ ఈజెడ్ ఛార్జ్, స్టాటిక్, జియో-బీపీ పల్స్ వంటివి ప్రధానంగా తమ నెట్‌వర్క్ ఛార్జర్లనే చూపిస్తాయి. ప్లగ్‌షేర్‌లో వేర్వేరు సంస్థలవి కనిపించడమే కాకుండా, అక్కడ ఛార్జ్ చేసుకున్నవారు రాసిన మాటలు కూడా ఉంటాయి. మ్యాపులో పచ్చ గుర్తు కన్నా నిన్ననో మొన్ననో ఒకరు అక్కడ ఛార్జ్ చేసుకున్నారన్న ఆధారానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. గన్ (కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్) మీ కారుకు సరిపోయే సీసీఎస్ 2 రకమేనా, యూనిట్ ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా లేదా అన్నవి చూసి, యాప్ వాలెట్‌లో డబ్బు ఇంట్లోనే వేసుకోండి. అనుకున్న ఛార్జర్ పనిచేయకపోతే మరో ఛార్జర్‌కు చేరేంత ఛార్జ్ మిగిలి ఉండగానే అక్కడికి చేరుకోవాలి.

గన్ పెట్టాక వెంటనే టీ తాగడానికి వెళ్లకుండా రెండు మూడు నిమిషాలు స్క్రీన్ దగ్గర నిలబడండి. 60 కిలోవాట్ల యంత్రం మీద 28 అనో 30 అనో కనిపిస్తుంటే, పక్క గన్‌కు మరో కారు తగిలించి ఉందేమో చూడండి. చాలా యంత్రాల్లో రెండు గన్‌లూ ఉన్న శక్తినే పంచుకుంటాయి. పక్కన కారు లేకపోతే బ్యాటరీ వేడెక్కి ఉండవచ్చు. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి వెంటనే గన్ పెడితే కారు ఛార్జింగ్‌ను నెమ్మదింపజేయడం సహజం. అందుకే వేసవిలో తొలి ఛార్జింగ్‌ను ఉదయం పూటే ముగించుకోవడం మంచిది. ఆపేటప్పుడు యాప్‌లో ఆపి, కారు లాక్ తీసి, ఆ తర్వాతే గన్ లాగాలి. ఎర్రటి అత్యవసర బటన్‌ను ప్రమాదం జరిగినప్పుడు తప్ప నొక్కకండి. సిబ్బంది వచ్చి సరిచేసేదాకా ఆ యంత్రం ఎవరికీ పనిచేయకుండా పోవచ్చు.

ఇక దారుల సంగతి. నల్లగొండ నుంచి సాగర్‌కు వెళ్లి రావడం దాదాపు 130 కిలోమీటర్లు. యూనిట్‌కు 6 కిలోమీటర్లు ఇచ్చే 40 యూనిట్ల కారుకు అందులో 55 శాతం ఖర్చవుతుంది. మరో 20 శాతం చేతిలో ఉండాలనుకుంటే నల్లగొండలో 75 నుంచి 80 శాతంతో బయలుదేరితే చాలు.

శ్రీశైలం దారి అలా కాదు. హైదరాబాద్‌లో 100 శాతంతో బయలుదేరినా, కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు చేరేసరికి అదే కారులో 40 శాతానికి కాస్త పైన మాత్రమే మిగులుతుంది. అక్కడి నుంచి శ్రీశైలం 70 కిలోమీటర్లకు దగ్గర. అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, చివర ఘాట్. సిగ్నల్ చాలాచోట్ల అందదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. దిగుడులో బ్రేకింగ్ వల్ల కొంత విద్యుత్తు తిరిగి బ్యాటరీలోకి చేరినా, డ్యామ్ దాటాక ఎక్కుడులో అది ఖర్చవుతుంది. కనుక ఈ దారిలో 80 శాతం నియమాన్ని పక్కన పెట్టి, అడవికి ముందే 90 దాకా ఎక్కించుకోవాలి. అదనంగా పట్టే అరగంట ఇక్కడ వృథా కాదు. రాత్రి బస ఉంటే, గదికి చెప్పేటప్పుడే కారు దగ్గరికి 15 ఆంప్స్ సాకెట్, సరైన ఎర్తింగ్ ఉన్నాయేమో అడగండి. ఎర్తింగ్ లేకపోతే చాలా కార్లు ఛార్జింగ్ తీసుకోవు. ఉంటే మాత్రం ఎనిమిది గంటల్లో 20 యూనిట్లకు పైగా ఎక్కుతాయి.

సంక్రాంతి ముందు రోజుల్లో విజయవాడ దారిలో పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరినట్టే ఛార్జర్ల దగ్గరా వరుసలు ఉంటాయి. అప్పుడు ఇంట్లోనే 100 శాతం నింపుకుని, రద్దీ ఉన్న తొలి ఛార్జర్లను దాటి సూర్యాపేట అవతలే ఆగండి. మీ వెనుక ఇంకొకరు నిలబడి ఉంటే, 80 కాగానే గన్ తీసి చోటు ఖాళీ చేయండి.