గోల్ఫ్ బ్యాక్‌స్వింగ్‌లో చేతుల పొజిషన్ సరి చేసుకోవడం ఎలా?

మన అనంతపురం పక్క గోల్ఫ్ మొదలుపెట్టేవాళ్ళు చానామంది క్రికెట్ ఆడి వచ్చినోళ్ళే, నేనూ అంతే. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే బాల్ కొట్టే ముందు క్లబ్‌ని (గోల్ఫ్ కర్రని) వెనక్కి పైకి తీసుకుపోయేటప్పుడు, బ్యాట్ ఎత్తినట్టు దాన్ని కూడా చేతులతోనే లేపేస్తాం, ఒళ్ళు మాత్రం కదలదు. అట్లా లేపిన చేతులు కిందికి వచ్చేటప్పుడు క్లబ్‌ని బయటి నుంచి లోపలికి కోసుకుంటా తెస్తాయి, బాల్ కుడి పక్కకి వంకర తిరిగి పోతాది. బెంగళూరు దాకా రెండొందల కిలోమీటర్లు కారు తోలుకొని పోయి రేంజ్‌లో (బాల్స్ కొట్టి ప్రాక్టీస్ చేసే మైదానంలో) బకెట్ బాల్స్ మొత్తం అట్లే కొట్టి వస్తే ఎంత బాధగా ఉంటాదో నాకు తెలుసు. అందుకే ముందు ఇంటి దగ్గర, బాల్ లేకుండా నేర్చుకోండి. కుడి చేతి వాటం వాళ్ళకి రాస్తున్నా, ఎడమ వాటం వాళ్ళు తిప్పి చదువుకోండి.

స్టెప్ 1: తాడిపత్రి బండలు పరిచిన మిద్దె గానీ వరండా గానీ చూస్కోండి (వరండాలో అయితే పైన ఫ్యాన్ జాగ్రత్త). బండల మధ్య సిమెంటు గీత ఉంటాది గదా, బాల్ ఆ గీత మీద ఉందనుకోండి, కాళ్ళ వేళ్ళు దానికి సమాంతరంగా పెట్టండి. తుంటి దగ్గర వంగి చేతులు వదిలేస్తే అవి యాడ వేలాడతాయో ఆడే గ్రిప్ (క్లబ్ పిడి) పట్టుకోండి.

స్టెప్ 2: అసలు తప్పు క్లబ్ వెనక్కి కదిలే మొదటి రెండడుగుల దూరంలోనే జరుగుతాది, దీని మీద ఎక్కువ టైమ్ పెట్టండి. చేతులతో లాగొద్దు, ఛాతీని కుడి పక్కకి తిప్పండి, చేతులు దాంతో పాటే వస్తాయి. క్లబ్ నడుము ఎత్తుకి వచ్చినప్పుడు ఆపి కిందికి చూడండి, కర్ర ఆ సిమెంటు గీతకి సమాంతరంగా ఉండాల. క్లబ్ తల మీ వీపు వెనక్కి పోయిందంటే మణికట్లు తిప్పేశారని అర్థం, అక్కడి నుంచి ఇంక చేతులతో ఎత్తడం తప్ప దారి ఉండదు.

స్టెప్ 3: ఎడమ చెయ్యి నేలకి సమాంతరంగా వచ్చేసరికి మణికట్టు వంచి చెయ్యి, క్లబ్ కలిసి ఎల్ ఆకారం రావాల. గ్రిప్ చివర బాల్ ఉన్న గీత వైపు చూస్తుంటే బాగుంది. మీ పాదాల వైపు చూస్తే క్లబ్ మరీ నిటారుగా లేచింది, గీత దాటి దూరంగా చూస్తే మరీ పడుకుంది.

స్టెప్ 4: పైకి పోయాక కుడి మోచెయ్యి నేల వైపు చూడాల. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళు జనం మధ్యలో పోతా బేసిన్‌ని భుజం పక్కన అరచేతి మీద ఎత్తి పట్టుకుంటారే, కుడి చెయ్యి అట్లా ఉండాల. ఎడమ చెయ్యి చాచి ఉండాల గానీ కడ్డీ మాదిరి బిగించొద్దు. కాల్విన్ పీట్ అని అమెరికా ఆటగాడు, చిన్నప్పుడు ఎడమ మోచెయ్యి విరిగి ఆ చెయ్యి పూర్తిగా చాపలేకపోయేవాడు, అయినా పీజీఏ టూర్‌లో (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీల్లో) 12 టోర్నీలు గెలిచాడు, 1981 నుంచి 1990 దాకా వరసగా పదేళ్ళు డ్రైవ్‌ని (మొదటి దూరం షాట్‌ని) ఫెయిర్‌వేలో, అంటే గడ్డి పొట్టిగా కత్తిరించిన దారిలో, పడేయడంలో ఆయనే ఫస్ట్. కాబట్టి చెయ్యి ఒంగుతుంటే బిగపట్టకండి, బ్యాక్‌స్వింగ్‌నే కొంచెం పొట్టిగా ఆపండి. ఆఫీసులో కూర్చొని కూర్చొని నడుం తిరగనోళ్ళు కుడి పాదం కొంచెం బయటికి తిప్పి నిలబడండి, ఎడమ మడమ కాస్త లేచినా ఏం కాదు.

రోజూ చేసే ప్రాక్టీస్‌కి ఒక టవల్ చాలు. ఛాతీకి అడ్డంగా పెట్టి రెండు చివర్లు రెండు చంకల్లో ఇరికించి సగం స్వింగ్ చేయండి, టవల్ జారిందంటే చేతులు ఒంటిని వదిలేసి పోయినట్టే. దీంతో ఫుల్ స్వింగ్ మాత్రం వద్దు, డ్రైవర్‌తో (అన్నిటికన్నా పొడుగు క్లబ్‌తో) అసలే వద్దు, పైకి పోయేకొద్దీ కుడి చంక తెరుచుకోవడం మామూలే.

రేంజ్‌కి పోయినప్పుడు 9 ఐరన్ (పొట్టి క్లబ్బుల్లో ఒకటి) తీసుకొని, పైన ఒక్క క్షణం ఆగి, నిదానంగా కొట్టండి. ఫోన్‌ని మీ కుడి పక్కన, టార్గెట్‌కి ఎదురు దిక్కులో, చేతుల ఎత్తులో పెట్టి వీడియో తీస్కోండి, ఫోన్ పక్కకి జరిగితే కరెక్టు స్వింగ్ కూడా తప్పుగా కనపడతాది. మొదటి ఇరవై బాల్స్ ఎంత దూరం పోయాయో చూడొద్దు, వీడియోలో చేతులు ఛాతీ ముందే ఉన్నాయా లేదా అదొక్కటే చూడండి.